పుదుపేట నుంచి పుత్తూరు దాకా

చెన్నపట్నంలో ఎగ్మూరు స్టేషనుకు సమీపాన, కూవం ఒడ్డున పుదుపేట అని ఒక పేట ఉన్నది. పేరుకు కొత్తపేటే గాని అక్కడ అమ్మేవి చాలావరకు పాత సరుకులు. పట్టుచీరలకు త్యాగరాయనగరు, పెండ్లిపత్రికలకు ఆండర్సన్ వీధి, మోటారు సామానుకు పుదుపేట అని ఈ ఊళ్ళో కాపురమున్న మన తెలుగు కుటుంబాలన్నిటికీ తెలుసు. కాని బండి ఉన్నవారికి తప్ప తక్కినవారికి ఆ వీధి ముఖం తెలియదు. అందుకని దాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పోలీసు క్వార్టర్లు దాటి లోపలికి పోతే సందులు ఇరుకవుతాయి. ఒక అంగడి ముందు తలుపులు పుస్తకాలలాగా నిలబెట్టి ఉంటాయి. ఇంకొకదాని చూరుకు స్టీరింగు చక్రాలు దండలాగా వేలాడుతూ ఉంటాయి. గేరుపెట్టెలు, రేడియేటర్లు, హెడ్‌లైట్ల గిన్నెలు, దేని గుట్ట దానిదే. పొద్దున చక్రాల మీద వచ్చిన బండి సాయంత్రానికి ఇరవై అంగళ్ళలో ఉంటుందని ఇక్కడ హాస్యానికి చెప్పుకుంటారు. అరవం, ఉరుదూ, తెలుగు మూడూ కలిసిన బేరాలు చెవిని పడుతూ ఉంటాయి.

ఆ వీధికి మేము పోయింది మా పాత అంబాసిడరు కోసం. అది 1960ల నాటి బండి. ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, మా నాన్నగారి చేతిమీదుగా వచ్చిన బండిని అమ్మడానికి మనసొప్పలేదు. ఇంజను బాగానే ఉన్నది. చిక్కంతా రాత్రివేళ దీపాలతో. పుత్తూరులో మా మేనత్తగారి ఇంట పెండ్లి. పోయేది కార్తీకమాసపు వానలలో, చీకటి పడిన తరువాత, పిల్లలతోనూ పెద్దవాళ్ళతోనూ. పూందమల్లి దాకా వాహనాల రద్దీలో ఆగి ఆగి పోయేసరికే హెడ్‌లైట్లు ఆముదపు దీపాలైపోతే, తక్కిన వంద కిలోమీటర్లూ ఎట్లా పోవటం?

దీనికి కారణం డైనమో. ఆ కాలపు బండ్లలో కరెంటు పుట్టించేది అదే. దాని శక్తి పూర్తివేగంలో 22 ఆంపియర్ల ప్రాంతం. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు దాదాపు సున్న. ఇటు ఖర్చు చూడండి. రెండు హెడ్‌లైట్లకే 10 ఆంపియర్లు కావాలి. ఇగ్నిషను, వైపరు, వెనుక దీపాలు, ఇప్పటి కాలానికి తప్పని సెల్‌ఫోను ఛార్జరు కలిపితే 20 దగ్గరికి వస్తుంది. ఆగినప్పుడల్లా ఆ భారమంతా బ్యాటరీ మీదనే పడుతుంది. ఆదాయం లేని నెలలో నిలవధనం తిన్నట్లే.

ఆల్టర్నేటరు అట్లా కాదు. డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే భాగంలో. అదంతా బ్రష్షుల గుండా బయటికి రావాలి కనుక దానిని మరీ వేగంగా తిప్పడానికి వీలులేదు. ఆల్టర్నేటరులో కరెంటు పుట్టేది కదలని తీగచుట్టలో. బ్రష్షులు మోసేది స్వల్పమే. చిన్న పుల్లీ వేసి వడిగా తిప్పవచ్చు. ఇంజను మెల్లగా తిరుగుతున్నా బ్యాటరీకి కొంత అందుతుంది. పుట్టిన ఆల్టర్నేటింగు కరెంటును లోపలి డయోడ్లు డైరెక్టు కరెంటుగా మారుస్తాయి. వీటిని చేసే లూకాస్-టి.వి.ఎస్. కర్మాగారం 1961 నుంచీ ఈ ఊరి పాడిలోనే ఉన్నది. విప్పి బాగుచేసేవారికి చెన్నపట్నంలో కొదవ లేదు.

మేము 45 ఆంపియర్లది ఒకటి చూసుకొని, బేరింగులు కొత్తవి వేయించి, పక్కవీధిలోని ఎలక్ట్రీషియను దగ్గరికి పోయాము. ఆయన అరవై దాటిన మనిషి. పూర్వీకులు నెల్లూరు వైపు నుంచి వచ్చారట. ముచ్చటైన చెన్నపట్నపు తెలుగు మాట్లాడుతాడు. బానెట్టు ఎత్తి, పాత వైరును రెండు వేళ్ళతో వంచాడు. పైతొడుగు అప్పడంలాగా చిట్లింది.

"అయ్యా, దీన్ని బిగించడం అరపూట పని. వైరు మార్చొద్దు, ఉన్నదానికే తగిలించు అంటే మాత్రం నేను చెయ్యను. ఇంకో అంగడి చూసుకోండి," అన్నాడు.

"వైరులో ఏమున్నది మేస్త్రీ? ఇన్నాళ్ళు పని చేసిందిగా?" అని మా బావమరిది అడిగాడు.

"ఇన్నాళ్ళు దాని మీద పడింది ఇరవై. ఇకమీద నలభై అయిదు. పిల్లలు కూర్చునే బండి గదా సార్, పొగ వచ్చినాక చూసుకుందామంటే అయ్యే పనా?"

ఆయన మాటలోని సత్యం లెక్క వేస్తే తెలుస్తుంది. అమ్మీటరు ఉన్న పాత బండ్లలో ఛార్జింగు కరెంటు ఇంజను దగ్గర నుంచి డాష్‌బోర్డులోని అమ్మీటరు దాకా పోయి, మళ్ళీ బ్యాటరీకి తిరిగి వస్తుంది. దారి సుమారు 4 మీటర్లు. రాగి తీగ మందం 3 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాము. 22 ఆంపియర్లు పోతే అందులో వేడిగా మారేది 11 వాట్లు. 45 ఆంపియర్లు పోతే 45 వాట్లకు పైమాటే. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. పైగా ఒక వోల్టు దారిలోనే పోతుంది. నూతికి పెద్ద పంపు పెట్టి సన్నగొట్టం తగిలించిన వాడికి నీళ్ళు రాకపోవటం ఒక్కటే నష్టం. ఇక్కడ గొట్టమే అంటుకుంటుంది. అదీ డాష్‌బోర్డు వెనుక, ఎవరి కంటికీ కనబడని చోట.

ఆ రోజు జరిగిన పని క్రమంగా చెబుతాను. ముందుగా బ్యాటరీ వైరు ఊడదీశాడు. పాత ఇంగ్లీషు బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్తు ఉంటుంది. అట్లాగే వదిలి ఆల్టర్నేటరు తగిలిస్తే డయోడ్లు తక్షణం మాడిపోతాయి. మాది నెగటివ్ ఎర్తే అని రూఢి చేసుకున్నాడు. డైనమోతో పనిచేసే రెగ్యులేటరు పెట్టెను తీసివేశాడు. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీకి నేరుగా 16 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు వేసి, బ్యాటరీకి దగ్గరగా 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. ఎప్పుడైనా ఆ వైరు ఇనుముకు రాసుకుంటే దాని మీదికి విరుచుకుపడేది బ్యాటరీయే గనుక ఫ్యూజు ఆ కొసనే ఉండాలట. అమ్మీటరు స్థానంలో వోల్టుమీటరు వచ్చింది. దానికి సన్నతీగ చాలు.

తరువాత ఎర్తు. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది. పోయిన కరెంటు తిరిగి రావాలంటే ఇంజనుకూ బాడీకీ బ్యాటరీకీ మధ్య మంచి పట్టీ ఉండాలి. పాతది పచ్చగా చిలుమెక్కి ఉన్నది. దాన్ని తీసి, అడుగున రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది కొత్తది బిగించాడు. ఛార్జింగు దీపపు చిన్న బల్బు వెలుగుతున్నదా అని కూడా చూశాడు. ఆల్టర్నేటరు మేలుకోవడానికి మొదటి కరెంటు దాని గుండానే పోతుంది. చివరకు హెడ్‌లైట్లకు రెండు రిలేలు పెట్టి, పాత స్విచ్చు మీద భారం తగ్గించాడు. వోల్టేజి పదింట ఒక వంతు తగ్గితే దీపపు వెలుగు మూడింట ఒక వంతు దాకా పోతుంది కాబట్టి ఇది దుబారా కాదు.

పని అయిందని నోటితో చెప్పి ఊరుకోలేదు. ఇంజను కొంచెం వేగంగా తిప్పమని, దీపాలన్నీ వేయించి, మీటరు పెట్టి మూడుచోట్ల చూపించాడు. బ్యాటరీ మీద 14 వోల్టులు. ఆల్టర్నేటరు పాజిటివుకూ బ్యాటరీ పాజిటివుకూ మధ్య తేడా ఒక వోల్టులో పదోవంతు. ఆల్టర్నేటరు ఒంటికీ బ్యాటరీ నెగటివుకూ మధ్య అంతకన్నా తక్కువ. "ఈ రెండూ పావు వోల్టు దాటితే ఎక్కడో కీలు వదులయిందని అర్థం. ఆరునెలలకొకసారి చూపించుకోండి," అన్నాడు.

పెండ్లి ముందు రోజు సాయంత్రం ఏడింటికి బయలుదేరాము. పూందమల్లి దాకా యథాప్రకారం ఆగుతూ, కదులుతూ పోయాము. వోల్టుమీటరు ముల్లు 13 దిగలేదు. తిరువళ్ళూరు దాటగానే జోరున వాన. వైపరు, హెడ్‌లైట్లు, లోపలి ఫ్యాను అన్నీ నడుస్తున్నా రోడ్డు అంచున తెల్లగీత స్పష్టంగా కనబడింది. తిరుత్తణి దగ్గర దీపం లేకుండా ఎదురుగా వస్తున్న ఒక ఎడ్లబండి చాలా దూరం నుంచే కంటబడింది. మా బావమరిది నెమ్మదిగా పక్కకు తీశాడు. వెనుక సీటులో పిల్లలకు మెలకువ కూడా రాలేదు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు మారినా ఆ ఊరి టీ అంగడిలో తెలుగు మారలేదు. అక్కడ కాస్సేపు ఆగి, బానెట్టు ఎత్తి కొత్త వైరును చేతితో తాకి చూశాము. గోరువెచ్చన కూడా లేదు. నగరి దాటేటప్పటికి వాన వెలిసింది. కొండముక్కు మబ్బులో నల్లగా కనబడింది. పదకొండు కాకముందే పుత్తూరు చేరుకున్నాము.

పుత్తూరు కట్టు ఎముకలకు ప్రసిద్ధి. అక్కడ వాకిట్లో మా మేనత్తగారు బండిని చూసి, "దీనికీ కట్టు కట్టించారా ఏమి, ఇంత వెలుగుతో వచ్చింది?" అన్నారు. మాకు నవ్వు వచ్చింది గాని, ఆ మాటే ఇప్పుడు ఇక్కడ చెప్పదలచుకున్నాను. మన ఇండ్లలో తండ్రి తాతల బండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటికి ఆల్టర్నేటరు వేయించేవారు దాని ధర అడిగేటప్పుడే వైరు, ఫ్యూజు, ఎర్తు పట్టీల ధర కూడా కలిపి అడగండి. ఆ మూడింటికీ డబ్బు చాలకపోతే, చాలేదాకా పాత డైనమోతోనే పగటిపూట ప్రయాణం చేయండి.