ఓనర్ కాలమ్ ఖాళీ

మా ఆఫీసులో ఏడాదికోసారి 'సమాజ సేవ' అని ఒక శనివారం పెడతారు. ఆ మెయిల్ చూడగానే డిలీట్ కొట్టడం నా అలవాటు. ఈసారి పల్లెటూరి పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళాలన్నారు కాబట్టి మా మనోహరాబాద్ పేరు నేనే ఇచ్చా. నలభై మంది పిల్లలు, ఒక బస్సు, పులిహోర పొట్లాలు. మనవరాలికి తోడుగా మాదిగవాడ నుంచి ఒక పెద్దాయన కూడా ఎక్కాడు.

గేటు దగ్గర ఆగి "మమ్ముల రానిస్తరా పటేలా?" అన్నాడు. ఎవరూ ఆపలేదు, అయినా అడిగాడు. మాదాపూర్లో మన ఆఫీసుల బిల్డింగులకి సెంట్రింగు కొట్టిన మనిషి. సిటీ కొత్త కాదు, ఇలాంటి గుమ్మం కొత్త.

లోపల పిల్లలు కత్తుల వైపు పరిగెత్తారు. ఈయన మాత్రం ఒక అద్దం ముందు ఆగిపోయాడు. ఎర్రటి రంగు మీద బొమ్మలతో పొడుగాటి గుడ్డ పటం. కింద చీటీలో ఉన్నది ఇంతే: జానపద చిత్రం, తెలంగాణ. (ఏ మ్యూజియమో చెప్పను.)

"ఇది జాంబపురాణం గద! డక్కలోల్లు మా వాడకట్టుల తెల్లారేదాంక చెప్తుండిరి" అంటూ వేలితో ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ మొదలుపెట్టాడు. కత్తులు వదిలేసి పిల్లలంతా చుట్టూ చేరారు.

"మన ఊళ్ళోనా? నేనెప్పుడూ చూడలేదే" అన్నా.

"మీరు మా దిక్కు రాకపోతిరి" అన్నాడు, మామూలుగానే.

నిజమే. తాత వయసున్న ఆయన్ని చిన్నప్పుడు పేరు పెట్టి 'ఏందిరా' అని పిలిచిన నోరు నాది. ఇంట్లో ఒక్కరూ తప్పనలేదు.

ఇంటికొచ్చి చదివా. చేర్యాల నకాషీలు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసిన గుడ్డ మీద ఈ పటాలు గీస్తారు. గీయించుకునేది కథ చెప్పే కులాలు. గౌడులకి గౌడజెట్టీలు, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు. పటం పాతబడితే నీళ్ళల్లో కలిపి కొత్తది గీయించుకునేవాళ్ళు. దళితుల్లోనే అట్టడుగున పడేసిన కులం డక్కలి. ఆ కులంలోంచి వచ్చిన కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వస్తే వాట్సాప్‌లో నేనూ ఫార్వర్డ్ చేశా. మా ఊరికి వచ్చిన డక్కలివాళ్ళు ఏమయ్యారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

మన భాషలో చెప్పాలంటే ఆ చీటీ మెటాడేటా. ఓనర్ కాలమ్‌లో నల్ ఉంది. డేటా లేక కాదండీ, తెలిసినవాళ్ళని ఎవరూ అడగక. బస్సులు పెట్టి 'వెనుకబడిన వాళ్ళకి' కళ చూపిస్తున్నాం అనుకుంటాం. ఆ రోజు అద్దానికి ఇవతల వెనుకబడింది నేను. జయధీర్ తిరుమలరావు గారి లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి ఇలాంటి పటాలు, వాయిద్యాలు సేకరించారు. మ్యూజియాలు కూడా అలా వాడకట్టుకి వెళ్ళి, కథ చెప్పేవాళ్ళని పిలిచి, డబ్బులిచ్చి చెప్పించుకుంటే ఎంత ఖర్చు? మన టీం డిన్నరంత కాదూ!

సోమవారం ఆఫీసు ఫారంలో 'లబ్ధిదారులు ఎందరు?' అని అడిగారు. పిల్లలు నలభై, నాతో కలిపి నలభై ఒకటి అని రాశా. పెద్దాయన్ని గైడ్ కాలమ్‌లో వేశా. "మరి గైడ్ ఫీజు బిల్లేదీ?" అని ఫైనాన్స్ వాళ్ళు అడిగారు. ఇంకా జవాబివ్వలేదు. ఈ ఆదివారం ఊరెళ్తున్నా, ఇచ్చి వచ్చాక పంపిస్తా.