ఎల్ వెండ్రెల్ యాత్ర

మా మఱిది స్పెయిను దేశమునందలి బార్సిలోనా నగరమున నుద్యోగము చేయుచు, మమ్ము రమ్మని రెండేండ్లుగా వ్రాయుచుండెను. మా వారు బడిపంతుళ్లగుటచే సెలవులు వచ్చినగాని కదలుటకు వీలులేదు. పోయిన వేసవిలో నెట్టకేలకు పయనమైతిమి. మా వారు చిన్ననాటినుండి ఫిడేలు వాయింతురు. అందుచే నచ్చట చేరిన మూడవనాడే, "మేడలు తరువాత జూతము, ముందు కసాల్స్ పుట్టిన యూరు జూడవలయు" ననిరి. మా తోడికోడలు పులిహోర పొట్లము గట్టి యిచ్చినది.

ఎల్ వెండ్రెల్ అను నా యూరు బార్సిలోనాకు నైరుతి దిక్కున నున్నది. రైలులో గంటకు పైగా బట్టును. దారి పొడవునను ద్రాక్షతోటలే. మన పందిళ్లపై బ్రాకు తీగలవలె గాక, నడుమెత్తు మొక్కలై వరుసలు దీరి యున్నవి.

లోకమున పాబ్లో కసాల్స్ అని పేరుగాంచిన యీ విద్వాంసుడు 1876వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన నిచ్చట జన్మించెను. ఊరివారి నోట నాయన పేరు పావ్. కాటలన్ భాషలో నా మాటకు శాంతి యనియు నర్థము గలదు. ఆయన వాయించినది చెల్లో. అది ఫిడేలు జాతిదే గాని మిక్కిలి పెద్దది. కూర్చుండి మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయింపవలెను.

ఆయన పుట్టినయిల్లు చిన్నది. తండ్రి యీ యూరి చర్చిలో ఆర్గను వాయించి కుటుంబమును బోషించెడివాడు. బాలుడు ముచ్చటపడగా, సొరకాయ బుఱ్ఱకు తంత్రి బిగించి తొలి వాద్యమును జేసి యిచ్చినవాడాయనయే. మన తంబురాకు నిదియే బుఱ్ఱగదా యని మేము మురిసితిమి. అయినను కొడుకు వడ్రంగము నేర్చిన నాలుగు మెతుకులు దినగలడని తండ్రి తలంపు. తల్లి పిలార్ వినలేదు. పదునొకండేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని 1888లో బార్సిలోనాకు జదువునకు దీసికొనిపోయినది. ఆ తల్లి పట్టుదలయే లేకున్న నీ కథయే లేదు. 1890లో నచ్చటి యంగడిలో బాలునకు బాహ్ రచించిన ఆఱు చెల్లో కృతుల ప్రతి దొరకినది. పండ్రెండేండ్లు సాధన చేసినగాని వానిని సభలో వాయింపలేదట. రెండు నెలలకే సభకెక్క దలచు మా వీధి పిల్లల కీ మాట చెప్పవలయునని మా వారు నవ్విరి.

అంతర్యుద్ధమున ఫ్రాంకో గెలువగా 1939లో కసాల్స్ దేశము విడిచి, సరిహద్దు కావలనున్న ఫ్రాన్సులోని ప్రాడ్ అను చిన్న యూర దలదాచుకొనెను. తనవలె వచ్చి శిబిరములలో మ్రగ్గుచున్న వారి కొఱకు సాయమర్థించుచు లెక్కలేని జాబులు వ్రాసెను. ఆ పాలన యున్నంతవఱకు స్వదేశమున నడుగిడనని వ్రతము పట్టెను. ప్రవాసమున సభ ముగియునపుడు తమ నాటి జానపదగీతమగు "పక్షుల పాట" వాయించెడివాడు.

ఇట్లు పదునాఱేండ్లు గడచినవి. ప్రవాసమున నాయన వెంట నుండి యిల్లు గనిపెట్టుకొని యుండిన ఫ్రాస్కీతా కాప్‌దెవీలా అను నావిడ 1955 జనవరిలో మరణించెను. ఆమె నీ వెండ్రెల్ మట్టిలోనే యుంచవలెను. కసాల్స్ ఆమె దేహము వెంట సరిహద్దు దాటి వచ్చి, ఖననము జరిపించి, మరల ప్రాడ్ చేరెను. ప్రాణముతో నా భూమిని ద్రొక్కుట యదియే కడసారి.

ఊరి శ్మశానవాటికలో నిలిచి మేమీ విషయము చర్చించుకొంటిమి. చిత్రకూటమున శ్రీరాముడు తండ్రి మరణవార్త విని మందాకినిలోనే తిలోదకము లిచ్చెగాని యయోధ్యకు రాలేదు. మఱి యీయన వచ్చుట వ్రతభంగము గాదా యని మేమడిగితిమి. మా వారు కొంత తడవు మాటాడలేదు. పిదప, "రాముడు నిలిపినది తండ్రికిచ్చిన మాట. ఈయన పంతము పాలకునితో గాని పోయినవారితో గాదు గదా" యనిరి.

ఆ మాట మాకు ములుకువలె నాటినది. మా యమ్మ పోయిన పదునొకండవనాడు నగల విషయమై మా వదినెతో మాట పెరిగి, యా యింటి గడప ద్రొక్కనని వచ్చితిమి. అయిదేండ్లాయెను. అయిదు తద్దినములకును బోలేదు. మా పంతము వదినెతో. పోకుండినది యమ్మ తిథికి.

కసాల్స్ 1973 అక్టోబరు 22వ తేదీన, తన తల్లి పుట్టిన ప్యూర్టో రికో ద్వీపమున, 96వ యేట గన్నుమూసెను. ఫ్రాంకో మరణించినది 1975లో. 1979లో నాయన యస్థులు వెండ్రెల్ చేరినవి. ఆయన సమాధి కడ నెవరో యుంచిన పూలు వాడి యున్నవి.

సాయంకాలము సంత్ సాల్వడోర్ తీరమునకు బోయితిమి. సముద్రపుటొడ్డున నాయన కట్టించుకొన్న యిల్లు నేడు ప్రదర్శనశాల. కిటికీలనుండి నీలిసముద్రము గనుపించును. ఇంత యింటిని వదలుకొని పరాయి యూర గడిపినవాని పంతమునకును, మూడు పేటల గొలుసునకై పట్టిన మా పంతమునకును సామ్యమేమున్నది?

సోదరీమణులారా, దేశములు చూచి వచ్చినవారు వింతలు చెప్పుదురు. మేము తెచ్చినది యింతే. ఆ రాత్రియే మా యన్నయ్యకు జాబు వ్రాసితిమి: "మార్గశిరమున నమ్మ తిథికి వచ్చుచున్నాము. వదినెను మడి వంటకు మా కొఱకు గాచుకొనవలదనుము. మేమే వచ్చి చేయి గలిపెదము."