రాడ్డు పక్కన ఏముందో చూసే పని

గుంటూరులో ఎముకల ఆపరేషన్లకూ, కేన్సరు వైద్యానికీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చే పెద్దాసుపత్రి అది. సీటీ స్కానింగ్ గది కింది అంతస్తులో, వరండా చివర ఉంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామందికి ఒంట్లో ఎక్కడో ఒకచోట లోహం ఉంది. హైవే మీద బండి జారి తొడలో రాడ్డు వేయించుకున్న కుర్రాడు, మోకాలి కీలు మార్పించుకున్న రైతు, నడుము పూసలకు స్క్రూలు బిగించుకున్న టీచరమ్మ, పళ్లకు వరసగా క్యాపులున్న పెద్దాయన. ఆ లోహమే వాళ్లను నిలబెట్టింది, నడిపించింది, నాలుగు మెతుకులు నమిలి తినేలా చేసింది. తీరా ఎముక అతికిందా, స్క్రూ చుట్టూ చీము పట్టిందా, క్యాపుల వెనక గడ్డ పెరుగుతోందా అని చూడాల్సి వచ్చేసరికి అదే లోహం సీటీకి అడ్డం పడుతుంది. ఆ అడ్డును ఎలా తప్పిస్తారో దగ్గరుండి చూడాలని వెళ్లాను.

మొదట చూసింది కంప్యూటరు విద్య కాదు, పసుపుతాడు. మెడ స్కానింగుకు వచ్చిన పెద్దావిడ పుస్తెలతాడు తియ్యనంటే తియ్యనని కూర్చుంది. "ఆయన ఎదురుగా కూర్చునుండగా తియ్యమంటావేంటమ్మాయ్?" అంది. టెక్నీషియన్ అమ్మాయి వాదన పెట్టుకోలేదు. సొరుగులోంచి పసుపుకొమ్ము కట్టి ఉన్న దారం తీసి, "మామ్మా, ముందు ఇది కట్టుకో, తర్వాత అది తీసి తాతయ్య చేతికియ్యి. పది నిమిషాల్లో మళ్లీ నీ మెడలో ఉంటుంది" అంది. ఆవిడ మారు మాట్లాడకుండా కట్టుకుంది. ఆ తర్వాత చెవి కమ్మలు, ముక్కుపుడక, కొప్పులో పిన్నులు, జాకెట్టుకున్న పిన్నీసు ఒక్కొక్కటే స్టీలు పళ్లెంలోకి చేరాయి. కాలి స్కానింగుకు మెడలో గొలుసు అడ్డేమీ కాదు. కిరణం పోయే దారిలో ఉన్న లోహంతోనే పేచీ. మగవాళ్లయితే మొలతాడుకున్న వెండి బిళ్ల, జేబులో తాళాల గుత్తి మర్చిపోతారని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

తియ్యగలిగినవి పళ్లెంలో పడతాయి. తియ్యలేనివాటి సంగతి చూపిస్తానని, సాయంత్రం పేషెంట్ల రద్దీ తగ్గాక ఫిజిసిస్టు గారు లోపలికి పిలిచారు. రేడియేషన్ చికిత్సలో ఎవరికి ఎంత డోసు, ఎటునుంచి అని లెక్కకట్టే మనిషి ఆయన. చొక్కాకు చిన్న టీఎల్‌డీ బ్యాడ్జి ఉంది. ఒంటిమీద పడిన రేడియేషన్ ఎంతో తెలుసుకోవడానికి మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపుతారు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా నిండా నీళ్లు పోసి స్కానింగ్ బల్ల మీద పెట్టారు. మేం అద్దం ఇవతలికి వచ్చాక బల్ల లోపలికి జరిగింది. తెరమీద చదునైన బూడిదరంగు బిళ్ల కనిపించింది. మౌసుతో అందులో ఒక గుండ్రం గీస్తే పక్కన అంకె పడింది: సున్నాకు అటూ ఇటూ.

ఆ అంకె వెనక ఒక కథ ఉంది. సీటీని తయారు చేసిన ఇంగ్లండు ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే దాని కొలమానం నడుస్తోంది. నీళ్లు సున్నా, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దరిదాపు, గట్టి ఎముక వెయ్యి, ఆ పైన. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో మొదటి రోగి తలను ఆయన యంత్రం చూసింది. అప్పటి బొమ్మ అడ్డంగా 80, నిలువుగా 80 గళ్లు. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. యంత్రాలు ఎంత మారినా అసలు సంగతి మారలేదు. సీటీ బొమ్మ ఫొటో కాదు, లెక్క. చుట్టూ తిరుగుతూ వందలాది కోణాల నుంచి కిరణం ఎంత తగ్గి బయటికొచ్చిందో కొలిచి, లోపల ఏ గడిలో ఎంత అడ్డం ఉండాలో కంప్యూటరు వెనక్కి లెక్కకడుతుంది.

ఫిజిసిస్టు గారు ఈసారి అవే నీళ్లలో రెండు స్టీలు బోల్టులు, మధ్యన బెత్తెడు ఎడంతో నిలబెట్టారు. మళ్లీ స్కాన్. బిళ్ల మీద బోల్టులు రెండూ తెల్లగా మండుతున్నాయి. వాటి నుంచి తెల్లగీతలు, నల్లగీతలు అంచుల దాకా చిమ్మాయి. రెంటి మధ్య నల్లటి పట్టీ. ఆ పట్టీలో గుండ్రం గీస్తే అంకె మైనస్ 200 దాటి కిందికి దిగింది. ఉన్నవి అవే నీళ్లు. యంత్రం మాత్రం అక్కడ కొవ్వు కన్నా పలచనిదేదో ఉందంటోంది.

"ఇదే చోట నీళ్లకు బదులు మనిషి కండ ఉందనుకోండి," అన్నారాయన, "ఆ నలుపుని చూసి ఏమని రాస్తారు?"

ఎందుకిలా అంటే, ఎక్స్‌రే కిరణమంతా ఒకే శక్తితో ఉండదు. ట్యూబును 120 కిలోవోల్టుల మీద నడిపితే తక్కువ శక్తివీ ఎక్కువ శక్తివీ కలగలిసి వస్తాయి. బలహీనమైనవాటిని స్టీలు మింగేస్తుంది, బలమైనవే అవతలికి చేరతాయి. అవి దేన్నయినా సులువుగా దాటిపోతాయి కాబట్టి దారిలో అడ్డం తక్కువేనని కంప్యూటరు పొరపడుతుంది. రెండు బోల్టులనూ దాటొచ్చిన కిరణాల దగ్గర ఈ పొరపాటు మరీ ఎక్కువ. నల్లపట్టీ పుట్టేది అక్కడే. మందం మరీ ఎక్కువైతే అవతలికి కిరణాలే సరిగ్గా అందవు. ఆ అరకొర కొలతల్లోని గందరగోళమే గీతలవుతుంది. చెదిరిపోయిన కిరణాలు, ఊపిరికో గుటకకో మనిషి కదలడం దీనికి తోడు. పైగా ఒక కోణంలో వచ్చిన తప్పు ఒక్క గడిలో ఆగదు, ఆ కిరణం నడిచిన దారి పొడవునా పరుచుకుంటుంది. గోరంత స్క్రూ బొమ్మంతా పాడుచేయడానికి కారణం ఇదే.

లోహాలన్నీ ఒకటి కాదు. స్టీలు బోల్టులు తీసి అంతే లావు టైటానియం స్క్రూలు పెట్టేసరికి గీతలు సగానికి సగం తగ్గినట్టు కంటికే తెలిసింది. టైటానియం పరమాణు సంఖ్య 22, సాంద్రత నాలుగున్నర. స్టీలులో ఉండే ఇనుముది 26, దాదాపు ఎనిమిది. బంగారానికొస్తే 79, పందొమ్మిది పైన. ఈ అంకెలు పెరిగేకొద్దీ కిరణానికి అడ్డూ పెరుగుతుంది. మామ్మ గారి పుస్తెలతాడు తీయించింది ఇందుకే.

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకముందే టెక్నీషియన్ చేతిలో ఉన్న ఉపాయాలు చాలా ఉన్నాయి. మర్నాడు కన్సోల్ ముందు కూర్చుని అవి చూశాను. చేతికి ప్లేటున్న మనిషికి పొట్ట స్కాన్ అయితే చేతులు తలపైకి ఎత్తిస్తారు. క్యాపులున్న నోటికి ఒకసారి మామూలుగా తీసి, నాలుక భాగం గీతల్లో మునిగిపోతే కోణం మార్చి ఆ మేరకే మళ్లీ తీస్తారు. 120 కిలోవోల్టులను 140కి పెంచితే కిరణం బలపడి లోహాన్ని కొంత మేర దాటుతుంది. బొమ్మ ముక్కలు (స్లైసులు) మందంగా కట్టినా, ఫిల్టరు మెత్తనిది ఎంచుకున్నా, తెరమీద తెలుపు నలుపుల హద్దులు వెడల్పు చేసినా గీతల జోరు తగ్గుతుంది. వీటిలో ఏదీ ఉచితం కాదు. కిలోవోల్టులు పెంచితే పేషెంటుకు డోసు పెరుగుతుంది, ముక్క మందమైతే సన్నటి బీట మాయమవుతుంది. ఎంతవరకు వెళ్లాలో ఆ అమ్మాయి డాక్టరు గారు రాసిచ్చిన చీటీ చూసి తేల్చుకుంటుంది. "ఏం వెతుకుతున్నారో రాయకుండా 'సీటీ తొడ' అని రెండు ముక్కలు రాస్తే మాకేం తెలుస్తుందండీ?" అంది.

ఆ తర్వాతిది లోహం మరకలు తగ్గించే ప్రోగ్రాం. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఏదో ఒకటి ఇస్తున్నాయి. సీమెన్స్‌ది ఐమార్, జీఈది స్మార్ట్ మార్, ఫిలిప్స్‌ది ఓ-మార్, కేనన్‌ది సెమార్. వీటి మూలం పాతదే. 1987లో జర్మనీకి చెందిన విల్లీ కలెండర్ బృందం ఒక దారి చూపింది. లోహం గుండా వెళ్లిన కొలతలు ఎలాగూ నమ్మదగ్గవి కావు కాబట్టి వాటిని తీసిపారేసి, ఇరుపక్కల ఉన్న మంచి కొలతలను బట్టి ఖాళీని పూరించడం, ఆ తర్వాత బొమ్మ కట్టడం. ఫిజిసిస్టు గారు ల్యాప్‌టాప్‌లో ఒక నమూనా తెరిచి చూపించారు. కోణాల వారీగా పేర్చిన కొలతల పటం అది. అందులో ప్రతి వస్తువూ ఒక అలలా వంపు తిరుగుతుంది. స్క్రూ అల తెల్లగా, సన్నగా మధ్యలో మెలికలు పోతోంది. ఒక్క మీట నొక్కగానే ఆ తెల్లగీత చెరిగి, దాని చోట పక్కల బూడిదరంగు పాకింది. ఎవరో తొక్కి చెరిపిన ముగ్గును మిగిలిన చుక్కలను బట్టి మళ్లీ కలపడం లాంటిదే ఇది. ముగ్గు పూర్తవుతుంది, అయితే పొద్దున వేసినావిడ గీత సరిగ్గా ఇలాగే పోయిందని ఎవరూ చెప్పలేరు.

ఆ పూరించడం మొరటుగా ఉంటే లోహం పక్కన ఎముక అంచులు చెదిరిపోతాయి. 2010లో ఎస్తర్ మేయర్, మార్క్ కాఖెల్‌రీస్ బృందం దాన్ని చక్కదిద్దింది. ముందుగా గాలి, మెత్తటి కండ, ఎముక ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక చిత్తుప్రతి వేసుకుని, దాని ఆధారంతో కొలతలను చదును చేసి, అప్పుడు ఖాళీ నింపడం. ఇది కాక, రెండు వేర్వేరు శక్తులతో స్కాన్ చేసి, ఎక్కువ శక్తి గల ఒకే రకం కిరణంతో తీస్తే ఎలా ఉంటుందో లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. ఫోటాన్లను ఒక్కొక్కటిగా, వాటి శక్తితో సహా లెక్కపెట్టే స్కానరుకు 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. వేలాది బొమ్మలు చూపించి కృత్రిమ మేధతో మరకలు తుడిపించే పని కూడా సాగుతోంది.

నీళ్ల డబ్బా బొమ్మను అదే ప్రోగ్రాంతో మళ్లీ కట్టించారు. నల్లపట్టీ దాదాపు పోయింది, అంకె సున్నా వైపు వచ్చింది. దగ్గరికి లాగి చూస్తే మాత్రం బోల్టు చుట్టూ ఇంతకుముందు లేని పలచటి నల్ల వలయం ఉంది. బోల్టు అంచు కూడా కాస్త తరిగినట్టుంది. ఒక తప్పు దిద్దబోతే ఇంకో చిన్న తప్పు వచ్చి కూర్చుంది.

ఆ వలయం ఎంత పని చేస్తుందో రేడియాలజిస్టు గదిలో తెలిసింది. డాక్టరమ్మ ముందు రెండు తెరలున్నాయి. నడుముకు స్క్రూలు వేసిన ఒక పేషెంటు బొమ్మలు పక్కపక్కన పెట్టారు. దిద్దిన బొమ్మలో స్క్రూ చుట్టూ నల్లటి సందు ఉంది. స్క్రూ వదులైతే కనిపించే గుర్తు అచ్చం అలాగే ఉంటుంది. దిద్దని బొమ్మ గీతలమయం, అయినా ఆ సందు అందులో లేదు. పాత ఎక్స్‌రేలోనూ లేదు. "ఇది వదులు కాదు, ప్రోగ్రాం చేసిన పని," అని తేల్చారామె. ఇంకో కేసులో ఇది తిరగబడింది. తుంటి కీలు మార్పించుకున్న మనిషికి, మామూలు బొమ్మలో నల్లపట్టీ కింద దాక్కున్న చీముగడ్డ దిద్దిన బొమ్మలో స్పష్టంగా తేలింది. "అందుకే రెండూ పంపమంటాను. దిద్దింది ఒక్కటే పంపితే నేను రిపోర్టు రాయను," అన్నారు. నేను అక్కడ విన్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చే మాట అదే.

కింద రేడియేషన్ విభాగంలో ఈ మరకల సంగతి రిపోర్టుతో ఆగదు. గుంటూరు పొగాకు బోర్డు ఉన్న ఊరు. ఉత్తర కోస్తాలో అడ్డచుట్ట తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే కేన్సరు వైద్యలోకానికి ఏనాటి నుంచో తెలుసు. ఇక్కడా నోటి కేన్సరు పేషెంట్లు వస్తూనే ఉంటారు, వాళ్లలో క్యాపులూ, సిమెంటు పళ్లూ ఉన్నవాళ్లకు కొదవ లేదు. చికిత్స డోసు లెక్కకట్టేది సీటీ అంకెలను నమ్మే. నల్లగీత పడిన చోట కండను గాలి అనుకుంటే లెక్క పక్కదారి పడుతుంది. అందుకని ఫిజిసిస్టు గారు గీతలు పడినంత మేరా చేత్తో గీత గీసి, ఆ లోపలి అంకెలన్నీ కొట్టేసి నీళ్లకు దగ్గరి విలువ వేస్తారు. ప్రోగ్రాం ఉన్నా ఒక్కో ముక్కా తిప్పి ఆ పని చేస్తూనే ఉన్నారు.

బయటికి వస్తుంటే తొడలో రాడ్డున్న కుర్రాడు, మిషన్ ఆ రాడ్డును లాగేస్తుందా అని అడిగాడు. అయస్కాంతం ఉండేది ఎంఆర్ఐలో, సీటీలో లేదు. సీటీకి రాడ్డు వల్ల ప్రమాదం లేదు, చూపు మసకబారడమే ఇబ్బంది.

కాబట్టి ఒంట్లో లోహం ఉన్నవాళ్లు కొన్ని పనులు తప్పక చెయ్యండి. ఆపరేషను నాటి డిశ్చార్జి కాగితం, వేసిన పరికరం స్టిక్కరుంటే అదీ దాచుకోండి. స్కానింగుకు వెళ్లినప్పుడు ఏ లోహం ఎక్కడుందో, అది స్టీలో టైటానియమో టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. దేనికోసం చూస్తున్నారో చీటీలో రాయమని డాక్టరును అడగండి. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా దిద్దిన బొమ్మలూ దిద్దని బొమ్మలూ రెండూ ఉన్న సీడీ అడిగి తీసుకోండి, పాత ఎక్స్‌రేలతో పాటు దాన్నీ భద్రంగా ఉంచండి. రిపోర్టు రాసే డాక్టరుకు రేపు తేడా పట్టించేవి అవే.