మా పాదాల కొలత

కొండలెక్కే మా సవర పాదాలు ముందువైపు వెడల్పు. మాకు కుదిరిన రకం చెప్పులు సీతంపేట సంతలో ఏళ్లపాటు దొరికేవి. ఒకసారి షావుకారు "ఆ రకం రావడం ఆగిపోయింది మాస్టారూ" అన్నాడు. వేరేవి తొడిగితే, పొడవు సరిపోయినా వెడల్పు బిగుతు. నంబరు పెంచితే మడమ జారుతుంది. మన కాళ్లే బాగోలేవనుకున్నాం. బూట్లు చేత్తో పట్టుకొని బడికొచ్చే పిల్లలూ అదే మాట అన్నారు. అది మనసుకు గుచ్చుకుంది.

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాలు వెడల్పని తేలింది. మన చెప్పుల నంబర్లేమో బ్రిటిషువాళ్ల కాలం నుంచి వచ్చినవి. తప్పు కాళ్లది కాదు.

ఇప్పుడు పిల్లల్ని కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, పొడవుతో పాటు వెడల్పూ రాస్తున్నాం. మేమైతే టైరు చెప్పులు చేసేవాని ముందు కాలు పెట్టి, గీయించి, కోయించుకున్నాం.