కథ ఒగటే బాకీ

మా అమ్మాయి రాస్తున్న పుస్తకానికి అట్ట తయారైంది. వెల వేసేసింది: పది రూపాయలు, వాళ్ల అవ్వకు మాత్రం ఊరికే. వెనక అట్ట మీద రచయిత్రి బొమ్మ, దాని కింద ‘ఈమె చాలా గొప్ప రచయిత్రి’ అని తన దస్తూరీలోనే ఒక అభిప్రాయం. ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగితే, “అయిపోయింది నాన్నా, కథ ఒగటే బాకీ” అంటుంది. చదివేది రెండో తరగతి.

పెద్ద రచయితలు ముందు కథ రాసి, ఆపైన చదివేవాళ్ల కోసం వెతుక్కుంటారు. ఈమెకు ఆ బాధ లేదు. చదివేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, తప్పించుకునే దారి లేదు.

మాది మదనపల్లె. బీటీ కాలేజీ ముందు నుంచి పోతూ ఒకరోజు ఆమెకు ఠాగూర్ సంగతి చెప్పాను. 1911లో కలకత్తాలో మొదటిసారి పాడిన జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చి రాసింది 1919 ఫిబ్రవరిలో, ఈ కాలేజీకి వచ్చినప్పుడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టింది. అంతా శ్రద్ధగా విని, “అయితే మన ఊర్లో రాసేవాళ్లం ఇద్దరమన్నమాట” అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఠాగూర్‌కు కూడా ఆ వయసులో ఇలాంటి ధీమానే ఉండేది. ఎనిమిదేళ్లు నిండీ నిండకముందే నీలం కాగితాల నోటుబుక్కు ఒకటి సంపాదించి పద్యాలు నింపడం మొదలుపెట్టాడట. అన్నగారు ఇంటికొచ్చిన వాళ్లనల్లా పట్టుకొచ్చి తమ్ముడి పద్యాలు వినమనేవాడట. అలా దొరికిపోయిన నవగోపాల్ మిత్ర అనే పత్రికా సంపాదకుడు ఒక మాట దగ్గర అర్థమేమిటని అడిగి నవ్వాడు. ఆయనకు కవిత్వం తెలియదని తేల్చేసుకున్న పిల్లకవి ఇంకెప్పుడూ ఆయనకు పద్యం వినిపించలేదు. ‘జీవనస్మృతి’లో ఠాగూరే చెప్పుకున్న ముచ్చట ఇది. మా ఇంట్లోనూ కొన్నాళ్లు అదే శిక్ష నడిచింది. వాళ్లమ్మకు చదివి వినిపించేటప్పుడు నేను గదిలోకి వస్తే పుస్తకం మూసేసేది.

తర్వాత కుప్పంలో వాళ్ల అవ్వ దగ్గరికి పోతూ పుంగనూరులో తెలిసినవాళ్లింట్లో దిగాం. దొడ్లో పుంగనూరు ఆవు ఉంది. ఎత్తు మూడడుగులు దాటదు, పిల్ల భుజానికి సరిగ్గా సరిపోయింది. “ఇది ఎప్పుడు పెద్దదవుతుంది?” అని అడిగింది. “ఇంకేం పెరిగేది పాపా, ఇప్పటికే రెండు ఈతలైనాయి దీనికి” అన్నాడు ఆవుగల ఆయన. అప్పటిదాకా మా అమ్మాయి రాతల్ని నేను రేపటి రచనకు దూడల్లాగా చూస్తున్నాను. పెరిగితే పనికొస్తాయి, ఇప్పటికి ముద్దుగా ఉన్నాయి, అంతే. ఆమె లెక్కలో అవి దూడలు కావు. ఆ ఎత్తుకే నిండుగా పెరిగిన ఆవులు, పాలు కూడా ఇస్తున్నాయి.

పుస్తకానికి కథానాయిక దొరికింది. కుప్పం చేరాక ఆ ఆవుకు మాటలూ వచ్చాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు గదా, అవ్వవాళ్ల వీధిలో బేరాలు తెలుగులో మొదలై తమిళంలోకి జారి కన్నడంలో తెగుతుంటాయి. దాంతో పుస్తకంలో ఆవు దూడతో తెలుగు, పూలమ్మే ఆమెతో తమిళం మాట్లాడుతుంది. కోపమొస్తే కన్నడం. అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉందని, 1997లో పెట్టారని, ఈ భాషలన్నీ అక్కడ చదువుతారని చెబితే, “అయితే నా పుస్తకాన్ని మిగతా భాషల్లోకి మార్చేది వాళ్ల పనిలే” అని ఒక బరువు దించుకుంది.

ఆ సాయంత్రం అవ్వను చూడ్డానికి వచ్చిన పక్కింటి పెద్దాయన అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, మెచ్చుకోలుగానే అడిగాడు: “పెద్దయినాక రైటరవుతావా పాపా?”

“లేదు తాతా. పెద్దయినాక ఆవుల డాక్టరవుతా. అప్పుడు తీరిక దొరకదు గదా, అందుకే పుస్తకాలు ఇప్పుడే రాసేస్తుండా.”