34వ నంబరు చొక్కా

రాత్రి పదింటికల్లా దీపం ఆర్పి పడుకోవాలని దాదాపు నలభై ఏళ్లు రోగులకు చెప్పినవాణ్ణి నేను. అటువంటి నేను 2019లో మా మనుమడి పక్కన కూర్చొని, అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఫుట్‌బాల్ ఆటలు చూశానంటే నా పాత రోగులు నవ్వుకుంటారు. వాడప్పుడు తొమ్మిదవ తరగతి. వాడి అభిమాన జట్టు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి చెందిన అయాక్స్.

ఆ సీజను కథ ముందుగా చెబుతాను. యూరప్‌లో అతి పెద్దదైన ఛాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టడానికే అయాక్స్ 2018 జూలై నుంచి మూడు అర్హత రౌండ్లు దాటవలసి వచ్చింది. తరువాత బయర్న్ మ్యూనిక్ ఉన్న గ్రూపులో ఒక్క ఆట కూడా ఓడలేదు. రియల్ మాడ్రిడ్‌తో సొంత మైదానంలో 1–2తో ఓడి, మార్చి 5న మాడ్రిడ్ వెళ్లి 4–1తో గెలిచింది. మనకది తెల్లవారుజామున ఒంటిగంటన్నర ఆట. మావాడి కేకలకు ఇల్లంతా మేలుకున్నది. ఏప్రిల్‌లో టూరిన్ వెళ్లి యువెంటస్‌నూ ఓడించింది. జట్టు కెప్టెన్ డి లిఖ్ట్ వయసు 19 ఏళ్లు! స్వదేశంలో మే 5న విల్లెమ్ జట్టుపై 4–0తో కప్పు గెలిచారు.

నాకు ఫుట్‌బాల్ నియమాలు అంతంతమాత్రంగానే తెలుసు. నన్ను ఆ జట్టు వైపు లాగింది మావాడు యథాలాపంగా అన్న ఒక మాట. "తాతయ్యా, వీళ్లలో 34వ నంబరు చొక్కా ఇక ఎవరూ వేసుకోరు తెలుసా?" అన్నాడు.

ఆ చొక్కా అబ్దెల్‌హాక్ నూరిది. 2017 జూలై 8న ఆస్ట్రియాలో వెర్డర్ బ్రెమెన్‌తో జరిగిన స్నేహపూర్వక ఆటలో, ఎవరూ తగలకుండానే అతడు మైదానంలో కూలిపోయాడు. వయసు 20 ఏళ్లు. గుండె లయ తప్పింది. ప్రాణం నిలిచింది గాని మెదడు తీవ్రంగా, శాశ్వతంగా దెబ్బతిన్నదని ఐదు రోజుల తరువాత క్లబ్ ప్రకటించింది. మైదానంలో చికిత్స సక్రమంగానే జరిగిందని మొదట చెప్పిన క్లబ్, 2018 జూన్‌లో ఆ మాట మార్చుకున్నది. శ్వాసమార్గం సరిచేయడంపైనే ఎక్కువ సమయం గడిచిందనీ, నాడిని తగినంతగా చూడలేదనీ, ఛాతీని నొక్కడం ఇంకా ముందే మొదలుపెట్టవలసిందనీ, గుండెకు విద్యుత్తు అందించే డీఫిబ్రిలేటర్‌ను మరింత త్వరగా వాడవలసిందనీ అంగీకరించింది. నేను పైన చెప్పిన సీజను, ఆ ఒప్పుకోలు జరిగిన మరుసటి నెలలోనే ఆరంభమైనది.

ఈ వివరాలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఫుట్‌బాల్ కాదు.

నేను ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో, బడిపిల్లల ఆటల పోటీలకు నన్ను అతిథిగా పిలిచారు. పరుగుపందెంలో ఒక కుర్రవాడు గీత దాటకముందే పడిపోయాడు. నేను వేదిక దిగి పరుగెత్తాను. కాళ్లూ చేతులూ కొద్దిగా కొట్టుకుంటున్నాయి. మూర్ఛ అనుకున్నాను. నోరు తెరిచి మధ్యమధ్య గాలి పీలుస్తున్నాడు. శ్వాస ఉన్నది కదా అనుకున్నాను. పక్కకు తిప్పాను, నాలుక చూశాను, నీళ్లు చల్లించాను, జీపు తెమ్మన్నాను. మెడ దగ్గర నాడి చూడాలని తోచేసరికి ఎన్ని నిమిషాలు గడిచాయో నాకు తెలియదు. ఆ తరువాత ఛాతీ నొక్కాను, చాలాసేపు నొక్కాను. ఆ పిల్లవాడు బతకలేదు. అతడి తండ్రి నా చేతులు పట్టుకొని, మీరు చేయగలిగినదంతా చేశారు బాబూ అన్నాడు. నేను కాదనలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు.

గుండె హఠాత్తుగా ఆగినప్పుడు శరీరం కొన్ని క్షణాలు మూర్ఛలో వలె కొట్టుకోవచ్చును. నీటి బయట పడిన చేపలాగా అప్పుడప్పుడు నోరు తెరవడం శ్వాస కాదు. అది ఆగిన గుండెకు గుర్తు. ఆ క్షణం నుంచి చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. నాలుగైదు నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పిలిస్తే పలకక, మామూలుగా శ్వాస తీయనివాడికి ఛాతీ మధ్య, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలి. ఎముక విరుగుతుందేమోనని భయపడవద్దు. విరిగిన పక్కటెముకను అతికించగలం.

మే 8 రాత్రి టాటెన్‌హామ్‌తో సెమీఫైనల్ రెండవ ఆట. మొదటి ఆటలో 1–0తో గెలిచిన అయాక్స్, ఇక్కడ విరామానికి 2–0తో ముందున్నది. మావాడు ఫైనల్‌కు వెళ్లినట్లే లెక్క వేసుకున్నాడు. లూకాస్ మౌరా మూడు గోల్స్ చేశాడు, చివరిది అదనపు సమయం ఆరవ నిమిషంలో. మొత్తం 3–3 అయినా, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన జట్టుదే గెలుపన్న నాటి నియమం టాటెన్‌హామ్‌ను గెలిపించింది. మావాడు దుప్పటి ముసుగు వేసుకొని ఏడ్చాడు.

ఆ రాత్రి మైదానంలో ఉన్న ఇద్దరి గురించి తరువాత తెలిసింది. అయాక్స్ ఆటగాడు డేలీ బ్లింద్‌కు అదే ఏడాది డిసెంబరులో ఒక ఆట మధ్యలో తల తిరిగింది. గుండె కండరానికి వాపు అని తేలి, ఛాతీలో చిన్న డీఫిబ్రిలేటర్ అమర్చారు. రెండవవాడు టాటెన్‌హామ్ పక్షాన ఆడిన క్రిస్టియన్ ఎరిక్సెన్, ఒకప్పటి అయాక్స్ కుర్రవాడే. 2021 జూన్‌లో డెన్మార్క్ తరఫున ఆడుతూ కూలిపోయాడు. అక్కడికక్కడే ఛాతీ నొక్కారు, విద్యుత్తు అందించారు. ఇద్దరూ ఆ పరికరంతోనే తిరిగి ఆడారు.

సెమీఫైనల్ ఓడిన వారానికి, మే 15న, అయాక్స్ దేశ లీగ్ గెలిచింది. అది వారి 34వ టైటిల్. నూరి పాత సహచరులు దానిని అతడికే అంకితమిచ్చారు. మరునాడు మావాడు దిండు తెచ్చి నేలమీద పెట్టి, "ఎలా నొక్కాలో చూపించండి తాతయ్యా" అన్నాడు. మోచేతులు వంచకూడదని నాలుగుసార్లు చెప్పవలసి వచ్చింది. రెండు నిమిషాలకే అలసిపోయాడు. అందుకే ఇద్దరుంటే మార్చుకుంటూ నొక్కాలని చెప్పాను.

2020 మార్చిలో వాడు పరుగెత్తుకొచ్చి, "నూరి మేలుకున్నాడట!" అన్నాడు. ఇంటికి తెచ్చారనీ, కనుబొమలు కదిపి బదులిస్తున్నాడనీ, ఇంటివారితో కలిసి ఫుట్‌బాల్ చూస్తున్నాడనీ వార్త. మళ్లీ ఆడతాడా అని అడిగాడు. ఆడలేడని చెప్పాను. కొంతసేపు మౌనంగా కూర్చున్నాడు. కరోనా వల్ల ఎక్కడా ఆటలు లేని రోజులవి. మాడ్రిడ్‌లో గెలిచిన పాత ఆట వెతికి పెట్టాడు. ఈసారి పగటిపూట చూశాము.