చివరి చాప దాకా వినిపించాలి!

రాత్రి పదిన్నర. వేమూరు దగ్గర ఓ పల్లె. వీధికి అడ్డంగా వేసిన స్టేజీ మీద నల్ల గొంగళి కప్పుకుని, భుజాన కర్ర పెట్టుకుని హరిశ్చంద్రుడు నిలబడ్డాడు. పద్యం అయిపోయింది. రాగం మాత్రం అవలేదు. అది పైపైకి వెళ్లింది. అక్కడో గిరికీ కొట్టింది. కిందికి దిగుతున్నట్టే దిగి మళ్లీ లేచింది. నా పక్కన కూర్చున్న మా అన్నయ్య కొడుకు సెల్‌ఫోన్‌లోంచి తలెత్తాడు.

'బాబాయ్, ఈయనెందుకింత ఓవరాక్షన్ చేస్తున్నాడు?'

నవ్వొచ్చింది. పాతికేళ్ల కిందట ఇదే వీధిలో ఇదే ప్రశ్న నేను పెదనాన్నని అడిగాను. 'నోర్మూసుకుని చూడరా' అన్నారాయన. అంతకుమించి చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు. ఆ రాత్రి ఈ నాటకం పెట్టించింది ఆయన పెద్దకర్మకే.

రేపల్లె రైలెక్కి...

తెనాలిలో రేపల్లె రైలెక్కితే చినరావూరు, జంపని దాటాక వేమూరు వస్తుంది. తర్వాత పెనుమర్రు, బౌద్ధస్తూపం ఉన్న భట్టిప్రోలు. కిటికీలోంచి చూస్తే కాలువలు, కొబ్బరిచెట్లు, అరటితోటలు. కృష్ణా పశ్చిమ డెల్టా ఇది. వరి కోసేశాక ఒకప్పుడు ఈ పొలాల నిండా మినుమే. ఇప్పుడు మొక్కజొన్న ఎక్కువగా కనిపిస్తోంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక వేమూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, 'మాది గుంటూరు జిల్లా' అనే అంటారు.

ఈ నేలకి నాటకం పిచ్చి ఎక్కువ. తెనాలి రామవిలాస సభలో ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావును 1956లో పద్మశ్రీ వరించింది. ఊరికో ఆర్మోనిస్టు, పేటకో కృష్ణుడు ఉండేవారని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లికీ, పండక్కీ పద్యనాటకం సరే. చావుకీ నాటకమే! పెద్దకర్మ రోజు రాత్రి హరిశ్చంద్ర 'కాటిసీను' ఆడించడం చాలా పల్లెల్లో ఆనవాయితీ.

అన్నయ్యకది ఇష్టంలేదు. 'ఈ రోజుల్లో కాటిసీనేమిటమ్మా! వాళ్ల అరుపులూ, ఆ ఏడుపులూ... అంతా అతి' అన్నాడు. పెద్దమ్మ ఒక్కటే మాట అంది. 'మీ నాన్న అడిగిన కోరిక అదొక్కటేరా.' అంతే, తెనాలికి ఫోన్ వెళ్లింది.

అన్నయ్య గురించి ఓ మాట చెప్పాలి. ఆస్పత్రి దగ్గర్నుంచి అన్నీ తనే చూసుకున్నాడు. కొరివి పెట్టాడు. వచ్చినవాళ్లకి భోజనాలు, లెక్కలు, పంతులుగారి సంభావన... ఎక్కడా తొణకలేదు. ఆ పదకొండు రోజుల్లో అతని కంట చుక్క నీరు ఎవరూ చూడలేదు. 'గుండె రాయి చేసుకున్నాడు' అన్నారు కొందరు. 'రాయేనేమో' అన్నారు ఇంకొందరు.

స్కూలు వరండాలో కాశీ

నాటకం వాళ్లకి ఊరి బడి వరండా విడిదిగా ఇచ్చారు. సాయంత్రం అక్కడికి వెళ్లాను. అద్దం ముందు హరిశ్చంద్రుడు కనుబొమలు దిద్దుకుంటున్నాడు. చంద్రమతి ఫోన్లో కూతురి ట్యూషన్ ఫీజు గురించి మాట్లాడుతోంది. లోహితుడు ఇడ్లీ తింటున్నాడు. ఆర్మోనిస్టుకి డెబ్బై దాటి ఉంటాయి. మావాడి మాటనే కాస్త మర్యాదగా మార్చి ఆయన్ని అడిగాను. 'ఇప్పుడు మైకులున్నాయి కదండీ. అంత గట్టిగా ఎందుకు?'

ఆయన కోప్పడలేదు. 'బాబూ, మా గురువుగారి కాలంలో మైకుల్లేవు. మమ్మల్ని స్టేజీ మీద నిలబెట్టి తను పోయి చివరి చాప మీద కూర్చునేవారు. అక్కడికి వినిపిస్తేనే పద్యం. చెయ్యి ఎత్తితే అక్కడికి కనిపించాలి. ఏడిస్తే అక్కడ కూర్చున్న ముసలమ్మకి తెలియాలి. మైకు తర్వాత వచ్చింది. మా గొంతులు అంతకు ముందే తయారైపోయాయి' అన్నారు.

నిజమే. పెట్రొమాక్స్ దీపాల వెలుగులో, వందల మంది కూర్చునే ఆరుబయట, కంటిరెప్ప కదలిక ఎవరికి కనిపిస్తుంది? కోపమొస్తే కాలు నేలకేసి కొట్టాలి. దుఃఖమొస్తే గుండె బాదుకోవాలి. సినిమాలో కెమెరా నటుడి ముఖం దగ్గరికి వెళ్తుంది. స్టేజీ మీద ఆ పని నటుడే చేయాలి. తన ముఖాన్ని చివరి చాప దాకా మోసుకెళ్లాలి.

మన నాటకానికి తోలుబొమ్మలతోనూ చుట్టరికముంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ఆడి సురభి నాటకాలకి శ్రీకారం చుట్టిన వనారస కుటుంబం వాళ్లు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించినవాళ్లే. తోలుబొమ్మ ముఖం మారదు. నవ్వినా ఏడ్చినా అదే కన్ను, అదే ముక్కు. భావమంతా ఊగే చేతిలో, తెర వెనక గొంతులో పలకాల్సిందే. స్టేజీ మీద చేతులు బారలు చాచి కేకలేసే కీచకుణ్ని చూస్తే నాకు ఆ బొమ్మలే గుర్తొస్తాయి.

తిరగబడింది నాటకం వాళ్లే

అలాగని ఈ అతిని అందరూ మెచ్చుకున్నారనుకోవద్దు. బళ్లారి రాఘవ (1880-1946) వృత్తికి వకీలు, నటనలో మేటి. రాగాలు సాగదీస్తే పాత్ర చచ్చిపోతుందనీ, మాట సహజంగా పలకాలనీ, ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలనీ పట్టుబట్టారు. ఆయన మాటలో న్యాయముంది. కొడుకు శవాన్ని ముందు పెట్టుకున్న తండ్రి, జనం 'వన్స్‌మోర్' అనగానే కళ్లు తుడుచుకుని మళ్లీ మొదట్నుంచీ ఏడిస్తే ఎలా నమ్మడం? మధ్యలో ఎవరో వచ్చి చొక్కాకి నోటు గుచ్చితే శ్మశానంలోంచే నమస్కారం పెడితే ఎలా ఉంటుంది? చిన్నప్పుడు నాకు నవ్వు వచ్చేది ఇక్కడే.

కానీ కాటిసీను ఈ విమర్శలన్నీ దాటుకుని బతికింది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'సత్యహరిశ్చంద్రీయం' రాసి నూరేళ్లు దాటింది. నటులు దానికి గుర్రం జాషువా శ్మశాన పద్యాలు కూడా తెచ్చి కలిపారు. అవి ఎంతగా అతికాయంటే మొదట్నుంచీ నాటకంలోవేనని నమ్మేవాళ్లు చాలామంది. డి.వి.సుబ్బారావు గొంతులో ఆ పద్యాలు క్యాసెట్లుగా వాడవాడలా మోగాయి. పెదనాన్న అరుగు మీద కూర్చుని వినేది ఆ క్యాసెట్టే.

రెండోసారి

మళ్లీ స్టేజీ దగ్గరికి వద్దాం. పదకొండున్నర అయింది. చంద్రమతి లోహితుణ్ని చేతుల్లో వేసుకుని వచ్చింది. కాటిసుంకం కట్టనిదే దహనం కుదరదన్నాడు కాపరి. తన దగ్గర చిల్లిగవ్వ లేదంది తల్లి. మెడలో మంగళసూత్రం ఉందిగా అన్నాడు. అది భర్తకి తప్ప ఎవరికీ కనిపించదు. అక్కడ ఇద్దరికీ ఒకరెవరో ఒకరికి తెలిసిపోయింది. ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ చెయ్యి ఆవిడకి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది. నేను చూపు తిప్పుకున్నాను.

హరిశ్చంద్రుడు పిల్లాడి పక్కన కూలబడి పద్యం అందుకున్నాడు. గుండె బాదుకున్నాడు. చేతులు ఆకాశానికెత్తాడు. మా అన్నయ్య స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఎప్పట్లాగే రాయిలా చూస్తున్నాడు. పద్యం అయింది. వెనకనుంచి ఓ ముసలిగొంతు గట్టిగా అరిచింది. 'వన్స్‌మోర్!' పెదనాన్నకి చిన్ననాటి స్నేహితుడాయన.

అయిపోయింది, ఇక నవ్వులాటే అనుకున్నాను. హరిశ్చంద్రుడు మళ్లీ అందుకున్నాడు. అదే పద్యం, అదే రాగం. ఈసారి ఇంకాస్త పైన. సగంలో ఉండగా పక్కకి చూస్తే అన్నయ్య స్తంభం పట్టుకుని వంగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నోరు తెరిచి ఏడుస్తున్నాడు. చిన్నపిల్లాడు ఏడ్చినట్టు, వెక్కివెక్కి. ఆ ఏడుపు చప్పుడు నాకు కూడా వినిపించలేదు. మైకులో రాగం అంత పెద్దగా ఉంది మరి. ఎవరూ అతని వంక చూడలేదు. అందరి కళ్లూ స్టేజీ మీదే.

అప్పుడర్థమైంది పెదనాన్న నన్నెందుకు నోర్మూసుకోమన్నారో. ఇంట్లో ఏడిస్తే నలుగురూ వచ్చి ఓదారుస్తారు. మగాడివి, ధైర్యంగా ఉండాలంటారు. ఇక్కడ స్టేజీ మీద ఒకడు మన అందరికన్నా పెద్దగా ఏడుస్తున్నాడు. వాడి కేకల కింద మన ఏడుపు ఎవరికీ పట్టదు. నెమ్మదిగా, సహజంగా నటిస్తే ఆ వీధిలో అంత చప్పుడుండేది కాదు. రాఘవగారు చెప్పింది తప్పని అనను. ఆయన చూసింది నటుణ్ని. పెద్దకర్మ రాత్రి కాటిసీను ఆడేది మాత్రం ముందు వరసలో కూర్చున్నవాళ్ల కోసం.

'ఇప్పుడు చెప్పనా, ఎందుకు ఓవరాక్షనో?' అన్నాను మావాడితో. 'చివరి చాప దాకా వినిపించాలి.'

'అన్నీ కుర్చీలే కదా బాబాయ్, చాపలెక్కడున్నాయ్?' అన్నాడు వాడు. వాడి ఫోను జేబులో ఉంది. ఎప్పుడు పెట్టాడో నేను చూడలేదు.

ఒంటిగంటకి వరండాలో టీలు ఇచ్చారు. రంగు తుడుచుకున్న హరిశ్చంద్రుడు గ్లాసు అందుకుని 'పంచదార తక్కువేనా అండీ, నాకు షుగరు' అన్నాడు. చెవి ఒగ్గితేగానీ వినపడలేదు. అసలు గొంతు అంత చిన్నది!

అన్నయ్య వాళ్లకి డబ్బులిచ్చి, వ్యాను దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చాలాసేపు అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

'ఏరా, సంవత్సరీకానికి కూడా వీళ్లనే పిలుద్దామా?'